కార్డుంది, చదివి చెప్పేవాళ్లేరీ?
ఆరోగ్యశ్రీ 2007లో వచ్చింది. తెలంగాణలో 2023 డిసెంబర్‌లో కుటుంబానికి ఏడాదికి 10 లక్షల దాకా పెంచారు. మంచిదే. మరి అది మన వాడ దాకా వచ్చిందా అని అడుగుతున్నాం.

చదువుకున్నోళ్లు ఏ జబ్బుకు, ఏ ఆస్పత్రిలో పథకం వర్తిస్తదో ముందే తెలుసుకుని పోతారు. అక్షరం రాని మన కూలితల్లి ఆరెంపీ దగ్గరికి, ఆనక కనపడ్డ ప్రైవేటు ఆస్పత్రికి పోతది. అడ్వాన్సు కట్టమంటే మిత్తికి తెచ్చి కడతది. ఏ కాగితం మీద వేలిముద్ర వేసిందో చెప్పేవాళ్లుండరు. తప్పు ఆమెది కాదు. తరతరాలుగా మనల్ని బడి గడప తొక్కనియ్యని కులానిది, హక్కును కాగితాల్లో దాచిన సర్కారుది.

చదువుకున్న మన పిల్లలారా! పథకంలోని జబ్బుల జాబితా, ఆస్పత్రుల పేర్లు వాడలో చదివి వినిపించండి. డబ్బడిగితే ఆరోగ్యమిత్రను నిలదీయండి, 104కు ఫోన్ చేయండి. ఇది ఎవరి దయా కాదు, మన హక్కు.

జైభీమ్!