ఏడాది గ్రాసము: మేళ్లచెరువు పొదుపు సంఘములకు విజ్ఞప్తి



2025 మార్చి 30వ తేదీన, ఉగాదినాడు, మన పొరుగుననున్న హుజూర్‌నగరమందే రేషను సన్నబియ్యపు పంపిణీని ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డిగారు ప్రారంభించిరి. మనిషికి నెలకు ఆరు కిలోలు. ఆ జూనులో, వానలను దృష్టియందుంచుకొని మూడు నెలల బియ్యమును ఒక్కమారే యిచ్చినందున, నలుగురున్న కుటుంబమునకు 72 కిలోలు లభించినవి. గాదెలును గుమ్ములును విడిచిన మన యిండ్లలో ఇంతటి బియ్యమును ముక్కుపురుగు పాలు గాకుండ నిలుపు నేర్పు మరల అలవడవలసియున్నది.

బియ్యపు చింత ఇట్లు కొంత తీరినను, కందిపప్పు, చింతపండు, ఎండుమిరపకాయలు మాత్రము పావుకిలో చొప్పున, అదియు తరచుగా కిరాణాదుకాణపు ఖాతామీద, తెచ్చుకొనుచునే యున్నాము. కందులు పుష్యమాఘములలో కళ్లము దాటును. మిరప మాఘఫాల్గుణములలో కళ్లమున ఎండును. చింతపండు ఫాల్గుణమున చేతికి వచ్చును. శంభులింగేశ్వరస్వామివారి శివరాత్రి జాతర జరుగు దినములే సరుకు సమృద్ధిగా నుండి ధర సాధారణముగా తగ్గియుండు దినములు. ఆ వేళ కొనలేక, ధర హెచ్చిన శ్రావణభాద్రపదములలో, పండుగల ముంగిట కొనువారు పేదలే యగుట మిక్కిలి విచారకరము.

కావున మా ప్రతిపాదన యిది: ప్రతి సంఘమును వారపు పొదుపుతోపాటు సరుకుల నిమిత్తము కొంత సొమ్మును వేరుగా కూడబెట్టి, శివరాత్రినాటికి సభ్యులందరి అక్కరను లెక్కించి, రైతుల కళ్లములయొద్దనే టోకున కొనవలెను. ఇది అపూర్వమైన కార్యము గాదు; ఉమ్మడి రాష్ట్రమున వెలుగు పథకపు కాలమందు గ్రామసంఘములు బియ్యమును టోకున కొని, సభ్యులకు అరువిచ్చి, వాయిదాలమీద వసూలు చేసికొనినవి.

అయితే నిలువకొరకు అప్పు చేయరాదు. నెలకు నూటికి మూడురూపాయల వడ్డీకి తెచ్చిన సొమ్ము ఏడాదికి ముప్పదియారు రూపాయలను మ్రింగును. కందులలో మిగిలిన లాభమంతయు అందులోనే కరగును. నూనె, రవ్వ, పిండి నెలకు మించి నిలువ చేయదగినవి గావు. నూనె కనరెక్కును, పిండి పురుగుపట్టును.

నిలువచేయు విధమును మన అవ్వలు ఎరుగుదురు. కందులను పెళపెళలాడునట్లు ఎండబెట్టి, పూర్తిగా చల్లారిన పిదప ఆముదము పలుచగా పట్టించి, మూత బిగువైన డబ్బాలలో పోయవలెను; వేడిగా పోసినచో లోపల చెమ్మపట్టును. బియ్యమును ఎండలో పోయరాదు, గింజ విరుగును. నీడలోనే ఆరబోసి, ఎండు వేపాకు కలిపి, బస్తాలను చెక్కబల్లమీద, గోడకు జానెడు ఎడముగా నిలుపవలెను. చింతపండును గింజ తీసి, ఉప్పు చల్లి, జాడీలలో కూరవలెను. పాతది ముగియక క్రొత్తది తీయరాదు.

ఒక్క విషయము మాత్రము ప్రాణసంకటము. గోదాములలో వాడెడి మందుబిళ్ళలను కొందరు ఇంటిలోని బియ్యపు బస్తాలలో పెట్టుచున్నారు. చెమ్మ తగిలినంతనే వానినుండి వెలువడు ఫాస్ఫీన్ విషవాయువు, మూసిన గదిలో నిదురించు పసిపిల్లల ప్రాణములను హరింపగలదు. ఆ బిళ్ళను గడప దాటనీయకుడు.

రాబోవు సంఘ సమావేశమున ఈ విషయమును చర్చకు పెట్టి, వారమునకు ఎంత చెల్లింపవలయునో నిర్ణయించి, తీర్మానమును పుస్తకమున వ్రాయించి, సభ్యులందరిచేతను సంతకములు చేయింపుడని ప్రార్థించుచున్నాము.