పల్లకి మోయుటయేనా మన పని?

శ్రీహరికోటనుండి వాహనమెగిరిన ప్రతిపర్యాయమును మన పట్టణములలోని పఠనాలయములు పండుగ జేసికొనుచున్నవి. 2017వ సంవత్సరము ఫిబ్రవరి 15వ తేదీన ఒక్క వాహనముపై 104 ఉపగ్రహములు నింగికెగసిననాడు దేశమంతయు మ్రోగిన జయజయధ్వానమును పాఠకులు మరచియుండరు. మేమును సంతసించితిమి. అయినను సంబరము సద్దుమణగిన పిదప ఒక లెక్క వేసికొనవలసియున్నది. ఆ 104లో పరదేశములవి 101, మనవి మూడు. పల్లకి మోయు భుజబలము మనకు గలదని లోకము మెచ్చినది. ఆ పల్లకిలో కూర్చుండి చూచు కన్నులెవరివి? ఈ ప్రశ్న వేయుట దేశద్రోహము కాదు; వేయకుండుట ఆత్మవంచన.

జమ్మికుంటవంటి పట్టణములలో ఈ విషయమున రెండు పక్షములు వినవచ్చుచున్నవి. "రైతు పత్తికి ధర రాక కుములుచుండగా చుక్కల లెక్క మనకెందుకు?" అనునది మొదటిది. "వాహనమెగిరినది, కీర్తి వచ్చినది, అంతియే చాలును" అనునది రెండవది. మొదటివారు కడుపు చూపి కన్ను మూసికొనుమనుచున్నారు. రెండవవారు బాణసంచా చూచి కన్ను విప్పితిమని భ్రమించుచున్నారు. ఇరువురును ఒక్క గోతిలోనికే దారి చూపుచున్నారు. జ్ఞానార్జనమునకై ఎగురు ఉపగ్రహములు, అంతరిక్షమందలి దుర్బిణులు ఇతరుల సొత్తు కారాదు. వాని ఫలము మన భాషలో మన ఊరి దాక రావలయును. ఇదియే మా వాదము.

భూమి మనది, ఆకసము మనది, చూచినవాడు పరుడు అను అవస్థ మనకు క్రొత్తగాదు. 1868 ఆగస్టు 18వ తేదీన సంపూర్ణ సూర్యగ్రహణము మన దేశముమీదుగా పోయినప్పుడు జాన్సెన్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మన గుంటూరులో విడిసి, సూర్యుని అంచున లేచు జ్వాలల కాంతిని వర్ణపటముగ విడదీసి పరీక్షించెను. గ్రహణము లేకున్నను ఆ జ్వాలలను పట్టపగలు చూడవచ్చునని మరునాడే నిరూపించెను. ఆ గ్రహణమునందు కానవచ్చిన పసుపుగీత పిమ్మట హీలియము అను క్రొత్త మూలపదార్థమునకు ఆనవాలైనది. జాన్సెను ప్రజ్ఞను మేము కించపరచము. సముద్రములు దాటి వచ్చిన జిజ్ఞాస నమస్కరింపదగినది. మా చింత వేరు. అదే గ్రహణమును చూచిన తెలుగువారు అసంఖ్యాకులు. వారు స్నానములు చేసిరి, దానములు చేసిరి. చూచినదానిని కొలుచు సాధనమును మాత్రము వారి చేతికి ఎవరును ఈయలేదు. 2024 జనవరి 6వ తేదీన మన 'ఆదిత్య-ఎల్1' భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరమున తన నెలవు చేరినది. అందలి ఒక యంత్రము సూర్యబింబమును తానే మరుగుపరచి, గ్రహణము కొరకు వేచియుండక, సూర్యుని చుట్టునున్న కాంతివలయమును చూచుటకు ఏర్పడినది. గుంటూరు పొలమునుండి అచ్చటికి చేరుటకు మనకు నూటయేబదియైదేండ్లు పట్టినది.

శక్తి లేక ఆలస్యమైనదని యనరాదు. 1901లో హైదరాబాదు ప్రభువులలో నొకరగు నవాబు జఫర్‌జంగు సొంత ధనముతో 15 అంగుళముల దుర్బిణి తెప్పించి వేధశాల నెలకొల్పెను. 1908లో నిజాము ప్రభుత్వము దానిని స్వీకరించినది. 1919లో అది ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు చేరినది. 1887లో పారిసు నగరమున సంకల్పింపబడిన ఆకాశపట నిర్మాణమున, లోకమందలి వేధశాలలు ఆకసమును పాళ్లుగ పంచుకొనగా, నిజామియా వేధశాలయు తన పాలు స్వీకరించి, లక్షలకొలది నక్షత్రముల స్థానములను కొలిచి సంపుటములుగ ప్రకటించినది. ఆ కార్యమును చిరకాలము నడపినవాడు టి. పి. భాస్కరన్ అను భారతీయుడు. రాజకీయ స్వేచ్ఛ లేని దినములలో సైతము విజ్ఞానమున మన వంతు మనము నెరవేర్చితిమి. స్వాతంత్ర్యానంతరము రంగారెడ్డి జిల్లాలోని జపాల్-రంగాపూర్ వద్ద 48 అంగుళముల దుర్బిణి వెలసినది. 1980 ఫిబ్రవరి 16నాటి సంపూర్ణ సూర్యగ్రహణమును పరిశీలించుటకు శాస్త్రజ్ఞులు అచ్చట చేరిరి. ఆ పిమ్మట ఆలనాపాలన కొరవడి ఆ దుర్బిణి చిరకాలము మూలబడినది. నింగిలోనికి క్రొత్త కన్ను పంపుచు ఇంటిలోని కన్నునకు బూజు పట్టనిచ్చుట ఏమి నీతి?

ఈ శాస్త్రమునకును మన కరీంనగరు జిల్లాకును సంబంధమే లేదనువారు వేరొక సంగతి వినవలయును. టాటా మౌలిక పరిశోధనా సంస్థవారు దశాబ్దములుగా హైదరాబాదునుండి పెద్ద బెలూనులను ఎగురవేయుచున్నారు. అవి 30 మొదలు 42 కిలోమీటర్ల యెత్తు వరకు యంత్రములను గొనిపోవును. వాయువులో అధికభాగము అంతకు క్రిందనే యుండుటచే, నేలకు చేరని ఎక్స్‌కిరణములు అచ్చట చిక్కును. పని ముగియగానే యంత్రములు గాలిగొడుగుల సాయమున దిగివచ్చును. అవి దిగుటకు అవకాశముగల జిల్లాలలో మన కరీంనగరు ఒకటి. అందుచే తెలుగు పత్రికలలో ప్రకటన వచ్చును: పరికరములు కనబడినచో ముట్టవలదు, విప్పవలదు, పోలీసులకు తెలుపవలయును అని. ఆ హెచ్చరిక న్యాయమైనదే, మేము కాదనము. కాని మేమడుగునది ఒక్కటి. విజ్ఞానశాస్త్రము మన పల్లెతో తెలుగున పలికిన మాట 'ముట్టవలదు' అనునదేనా? 'ఇది యేమో తెలిసికొనుడు, నేర్చుకొనుడు' అను రెండవ మాట ఎన్నడు వచ్చును?

అంతరిక్షమున దుర్బిణి యేల యని యడుగువారికి జమ్మికుంట పత్తి మార్కెట్టులోనే సమాధానము గలదు. బోరెము మూతి కుట్టియుండగా పైనుండి చూచి పింజ పొడవును, తేమను నిర్ణయింపగల వర్తకుడు లేడు. విప్పి, లోపలి దూదిని చేతబట్టి చూడవలయును. వాయుమండలము మనకు అట్టి గోనె. అది ఎక్స్‌కిరణములను, అతినీలలోహిత కిరణములలో పెక్కింటిని అడ్డగించును. ప్రాణములకు అది రక్ష, జ్ఞానమునకు తెర. 1975 ఏప్రిల్ 19న సోవియట్ దేశమునుండి ఎగిరిన మన మొదటి ఉపగ్రహము 'ఆర్యభట'లోనే ఎక్స్‌కిరణ పరిశోధన యుండెను. విద్యుత్తు చెడి కొలది దినములకే అది నిలిచిపోయినది. ఆకసమును పలువిధముల కిరణములలో ఒక్కసారి చూడగల సొంత వేధశాలను, 'ఆస్ట్రోశాట్'ను, మనము పంపినది 2015 సెప్టెంబరు 28న. నడుమ నలువది సంవత్సరములు!

ఆ చిన్న కన్ను ఏమి చూచినదో వినుడు. భూమికి 930 కోట్ల కాంతిసంవత్సరముల దూరమందలి యొక నక్షత్రమండలమునుండి వచ్చిన తీవ్ర అతినీలలోహిత కాంతిని ఆస్ట్రోశాట్ పట్టినదని 2020లో మన శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. అమెరికావారి హబుల్ దుర్బిణి అద్దము 2.4 మీటర్లు, మనది 38 సెంటీమీటర్లు. అయినను మన యంత్రములో అలజడి తక్కువయగుటచే హబులునకు అందని సంకేతము మనకు అందినది. ఇయ్యది భుజబలపు కీర్తి గాదు, దృష్టిబలపు కీర్తి. ఇంతటి ఫలము చూచిన పిదపను, ఎక్స్‌కిరణ పరిశోధనకై 'ఎక్స్‌పోశాట్' ఎగురుటకు 2024 జనవరి 1 వరకు వేచియుండవలసివచ్చినది. ఈ నత్తనడకను మేము గర్హించుచున్నాము.

ఇక వ్యయము సంగతి. ఆస్ట్రోశాట్‌కు అయినది సుమారు 178 కోట్ల రూపాయలు. అప్పటి జనసంఖ్యకు పంచినచో తలకు ఒకటిన్నర రూపాయి నిండదు. ఒక కప్పు చాయకు చాలదు. ఆ సొమ్ము నిలిపినంతమాత్రమున జమ్మికుంటలో పత్తి ధర పెరుగునా? తేమ పేరిట కోతలు తగ్గునా? రైతునకు న్యాయమైన ధర రావలయునని మేమును ఘోషించుచున్నాము. కాని రైతు నోటికాడి ముద్దను లాగినది దుర్బిణి కాదు. అసలు దోషులను విడిచి చుక్కలను చూచువానిపై నింద మోపుట రైతునకు మేలు చేయుట కాదు. రైతు బిడ్డకు ఆకసము నిషేధించుట.

ఆ బిడ్డ విషయమే మాకు ముఖ్యము. 2018 సెప్టెంబరు 26 మొదలు ఆస్ట్రోశాట్ సమాచారము సర్వజనులకు తెరవబడినది. జమ్మికుంటలోని విద్యార్థి తన యింట కూర్చుండియే దానిని తెచ్చుకొనవచ్చును. తలుపు తీసియున్నది, మెట్లు మాత్రము లేవు. తెలుగున దానిని బోధించు గ్రంథమేది? చూపించు గురువెవరు? 1901లో, జఫర్‌జంగు వేధశాల వెలసిన యేడే, హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. 1906లో కొమఱ్ఱాజు లక్ష్మణరావు మున్నగువారు విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించి తెలుగున శాస్త్రగ్రంథములు ముద్రింప బూనిరి. ఒక్క నగరమున ఒక్క యేట పుట్టిన కన్నును నోరును నేటివరకు కలియకపోవుట మన దౌర్భాగ్యము.

కావున మా కోరికలు స్పష్టములు. జ్ఞానార్జనకే యంకితమైన ఉపగ్రహములు నియతకాలమున ఎగురవలయును. నలువదేండ్ల ఎడము మరల రారాదు. జపాల్-రంగాపూర్ దుర్బిణిని బాగుచేసి విద్యార్థులకు అప్పగింపవలయును. ప్రతి అంతరిక్ష వేధశాలను గురించియు తెలుగున ప్రామాణికమైన పుస్తకము వెలువడవలయును. బెలూను పరికరములు దిగు జిల్లాల పాఠశాలలకు శాస్త్రజ్ఞులే వచ్చి తమ పనిని తెలుగున వివరింపవలయును. ఇందు తుదిమూడు పనులకు కావలసినది అధికధనము కాదు. మన యెడల గౌరవము.

ప్రభుత్వము కదలువరకు మన పఠనాలయములు చేతులు ముడుచుకొని కూర్చుండనేల? వాహనమెగిరిననాడు మిఠాయి పంచువారు, మరునాడు పదిమంది విద్యార్థులను కూర్చుండబెట్టి అది దేనిని చూడబోయినదో చదివి వినిపింపుడు. పల్లకి మోయుట తప్పుగాదు. ఎవరు కూర్చుండిరో, ఎచ్చటికి పోవుచున్నదో అడుగకుండ మోయుట మాత్రము స్వతంత్రజాతికి తగదు.