వానకు స్తోత్రం, మరి వరదకు?



నవంబరు వచ్చిందంటే మన సంఘాలలో కృతజ్ఞతా కూడికలు మొదలవుతాయి. ఉద్యోగం, పెళ్లి, కొత్త ఇల్లు, పంట... మేలులన్నిటికీ స్తోత్రం చెబుతాం. కష్టాల దగ్గరకు వచ్చేసరికి 'ప్రభువు దాటించాడు' అని ఒక్క మాటతో ముగిస్తాం. లేఖనం మాత్రం మేలుల దగ్గరే ఆగదు. ప్రతి విషయంలోనూ కృతజ్ఞత చెల్లించమంటాడు పౌలు (1 థెస్స 5:18). మన ప్రాంతంలో ఆ మాటను పరీక్షకు పెట్టిన నవంబరు ఒకటి ఉంది.

అది 2021. వాన కోసం తరతరాలుగా మోకరించిన సీమ ఇది. స్వర్ణముఖి అంటే ఏడాదిలో ఎక్కువ రోజులు మనకు కనిపించేది ఇసుకే. ఆ నవంబరులో ఆ నది గట్లు దాటింది. తిరుపతి వీధులు కాలువలయ్యాయి. రేణిగుంటలో దిగవలసిన విమానాలు వెనుదిరిగాయి. 19వ తేదీన చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట కొట్టుకుపోయి రాజంపేట, నందలూరు ప్రాంతంలో ఎన్నో ప్రాణాలు పోయాయి. ఎండిన చెరువులను నింపిన వానే ఇళ్లనూ కూల్చింది. వానకు స్తోత్రం చెప్పిన నోటితో వరదకు ఏమని చెప్పాలి?

ఎఫెసీ 5:20 ఇంకా ముందుకు వెళ్లి సమస్తమును గూర్చి స్తుతించమంటుంది. అయితే ఆ పత్రిక చెరసాలలో పుట్టింది. సంకెళ్లలో ఉన్నవాడు తన సంకెళ్ల నడుమ చెప్పిన మాట అది. పక్కవాడి సంకెళ్లు చూసి ఒడ్డున నిలబడి చెప్పినది కాదు. యోబు స్నేహితులు ఏడు రోజులు మౌనంగా కూర్చున్నంతవరకు మంచివారే. నోరు విప్పాకే దేవుని కోపానికి గురయ్యారు. కష్టంలో కృతజ్ఞత అనేది బాధపడినవారి సాక్ష్యం. దానిని వారి నోట మనం బలవంతంగా పలికించకూడదు.

మరొక మాట. కృతజ్ఞత జవాబుదారీతనానికి అడ్డు రాకూడదు. అన్నమయ్య ప్రాజెక్టులో ఒక గేటు పనిచేయలేదన్న విషయం తర్వాత చర్చకు వచ్చింది. దానిని 'దేవుని చిత్తం' అని దాటవేస్తే మనిషి నిర్లక్ష్యాన్ని దేవుని మీదకు నెట్టినట్టే. అదే వారంలో రామచంద్రాపురం మండలం రాయలచెరువు కట్టకు లీకేజీ పడింది. దిగువ గ్రామాలను ఖాళీ చేయించారు, ఇసుక బస్తాలతో కట్టను కాపాడారు. చెరువు తెగలేదు. అక్కడ దేవునికి స్తోత్రం చెప్పేవారు బస్తాలు మోసిన చేతులను కూడా తలచుకోవాలి.

కాబట్టి ఈ ఏటి కూడికలో రెండు పనులు చేద్దాం. మేలులు చెప్పేవారితోపాటు, ఇంకా స్తోత్రం చెప్పలేకపోతున్నవారికీ చోటు ఇద్దాం. కీర్తనల గ్రంథంలో విలాపానికి చోటు ఉంది కదా. రెండవది, కూడిక ముగిశాక మన ఊరి చెరువు కట్ట ఎలా ఉందో వెళ్లి చూసి, అవసరమైతే అధికారులను అడుగుదాం. కష్టం నేర్పిన పాఠాన్ని పొరుగువాడి క్షేమానికి వాడడం కూడా దేవునికి చెల్లించే కృతజ్ఞతే.