ఆజాద్ ఫెలోషిప్ ఆపేసిన మంత్రిగారికి, సైదాబాద్ నుంచి

2022 డిసెంబర్

గౌరవనీయులైన కేంద్ర మైనారిటీ వ్యవహారాల మంత్రి స్మృతి ఇరానీ గారికి,



2022 డిసెంబర్ 8న లోక్‌సభలో మీరిచ్చిన జవాబు సైదాబాద్ దాకా వచ్చింది. పరిశోధన చేసే మైనారిటీ విద్యార్థులకిచ్చే మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను 2022-23 నుంచి ఆపేస్తున్నామని చెప్పారు. ఉన్నత విద్యకు ప్రభుత్వం ఇచ్చే మిగతా ఫెలోషిప్‌లు మైనారిటీ విద్యార్థులకూ అందుతున్నాయి కాబట్టి ఇది వేరుగా అక్కర్లేదన్నారు. 2014-15 నుంచి 2021-22 వరకు 6,722 మందిని ఎంపిక చేశామనీ, 738.85 కోట్ల రూపాయలు పంచామనీ అదే జవాబులో ఉంది. ఆ 6,722 మంది ఏం పరిశోధించారు? అది ఎవరికి పనికొచ్చింది? ఆ లెక్క మాత్రం జవాబులో లేదు. పథకం మూసేముందు ఎవరైనా ఆ సిద్ధాంత వ్యాసాలు తెరిచి చూశారా?

మీరు చెప్పిన కారణాన్నే తీసుకుందాం. తెలంగాణలో బీసీ-ఇ కింద నాలుగు శాతం రిజర్వేషన్ పొందే ముస్లిం వర్గాల్లో చాలావాటికి కేంద్ర ఓబీసీ జాబితాలో చోటు లేదు. దూదేకులవారు ఉన్నారు, వీళ్లు లేరు. రాష్ట్రం వెనుకబడినవాళ్లని ఒప్పుకున్న ఇంటి అమ్మాయికి కేంద్రం దగ్గర ఓబీసీ ఫెలోషిప్ దొరకదు. ఎస్సీ, ఎస్టీ ఫెలోషిప్‌లు ఆమెకు వర్తించవు. మిగిలింది ప్రధానంగా దేశమంతా పోటీపడే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్). మరి ఆమెకు అందుతున్న ఆ 'మిగతా ఫెలోషిప్‌' ఏది? ఒకరు ఒకేసారి రెండు తీసుకోకూడదన్న నిబంధన ఎలాగూ ఉంది. రెండుసార్లు డబ్బు పోతోందన్న భయం ఎక్కడిది?

ఈ ఫెలోషిప్ ఊరికే పుట్టలేదు. ఇరవై ఏళ్లు దాటిన ముస్లింలలో పట్టభద్రులనూ డిప్లొమా చదివినవాళ్లనూ కలిపినా నూటికి నలుగురు కూడా లేరని సచార్ కమిటీ 2006లో లెక్కతేల్చింది. 2009లో ఈ పథకం వచ్చింది. పదమూడేళ్లలో ఆ లోటు తీరిపోయిందా?

పరిశోధన అంటే పేరు ముందు డాక్టర్ అని రాసుకోవడానికేనని అనుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. సైదాబాద్‌లో నిలబడి చూస్తే అలా కనిపించదు. ఇక్కడికి దగ్గర్లోనే నల్గొండ చౌరస్తా ఉంది. నల్గొండ పల్లెల నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చిన కుటుంబాలు ఈ చుట్టుపక్కల బస్తీల్లో ఎన్నో ఉన్నాయి. గారపట్టిన పళ్లు, వంగిపోయిన నడుములు, నలభై ఏళ్లకే ముసలితనం ఆ పల్లెల్లో తరాల తరబడి ఇంటింటి కథ. అది తాగే నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల వచ్చిన ఫ్లోరోసిస్ జబ్బు. దాన్ని కాగితం మీద పెట్టినవాళ్లున్నారు. 1955లో ఎ.హెచ్. సిద్దీఖీ నల్గొండ జిల్లా ఫ్లోరోసిస్ మీద బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసం రాశారు. ఫ్లోరోసిస్ ప్రాంతంలో మోకాళ్లు లోపలికి వంకరపోవడం గురించి 1973లో తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు కృష్ణమాచారి, కృష్ణస్వామి లాన్సెట్ పత్రికలో చెప్పారు. పటిక, సున్నం కలిపి నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ తయారుచేసింది. దానికి నల్గొండ టెక్నిక్ అనే పేరు పడింది. టాంజానియా, ఇథియోపియా, కెన్యా పల్లెల దాకా వెళ్లిందది. పల్లె బావి నీళ్ల నుంచి ఖండాంతరాల దాకా సాగిన ఆ పనికి మనుషులు కావాలి. వాళ్లు తయారయ్యేది పీజీ తర్వాతి ఆ ఐదారేళ్లలోనే. ఆ ఐదారేళ్లు ఇల్లు గడవడానికి ఆసరా లేకపోతే ముందుగా చదువు మానేది ఎవరు?

ఆసరా లేకుండానే నెట్టుకొచ్చినవాళ్లూ ఉన్నారు. శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో డాక్టరేట్ పూర్తికాకముందే, 1925లో, అక్కడి శాస్త్రవేత్త ఫిస్క్‌తో కలిసి రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి కనిపెట్టారు. చేతిలో డబ్బులేక ఆసుపత్రిలో రాత్రిపూట ఊడిగం చేస్తూ చదివిన మనిషి. తర్వాత ఆయన నాయకత్వంలో వచ్చిన డైఇథైల్‌కార్బమజైన్ మాత్రనే ఇవాళ బోదకాలు రాకుండా ఇంటింటికీ పంచుతున్నారు. అంతటి కష్టం ఓర్చుకుంటేనే పరిశోధన చేయాలని ఏ దేశమైనా తన పిల్లలను అడగవచ్చా?

పాతనగరం మాట్లాడే దక్కనీకి చరిత్ర రాసింది కూడా ఒక పరిశోధకుడే. లండన్‌లో డాక్టరేట్ చేసి వచ్చిన మొహియుద్దీన్ ఖాద్రీ జోర్, ఇదారా-ఎ-అదబియాత్-ఎ-ఉర్దూ అనే సంస్థను స్థాపించి రాతప్రతులు పోగుచేశారు. కులీ కుతుబ్ షా కవితలను పరిష్కరించి అచ్చేయించారు. ఆయన పని లేకపోతే అందులో ఎంత చెదలపాలయ్యేదో.

ఇంకా ఎవరూ అడగని ప్రశ్నలు ఈ వీధుల్లో బోలెడున్నాయి. లాడ్ బజార్ గాజుల కోసం బొగ్గుల కుంపటి ముందు కూర్చుని లక్క కరిగించేవాళ్ల ఊపిరితిత్తులు ఎలా ఉన్నాయి? 2020 అక్టోబర్‌లో గుర్రం చెరువు కట్ట తెగి హఫీజ్ బాబా నగర్ మునిగింది. అలాంటి చెరువుల గొలుసు ఎక్కడెక్కడ తెగిందో ఇంటింటికీ తిరిగి పటం గీసేదెవరు? పదో తరగతి తర్వాత ఆడపిల్లలు ఎందుకు బడి మానేస్తున్నారు? ఈ ఇళ్లలోకి వెళ్లి, ఈ భాషలో మాట్లాడి, తలుపు తీయించుకోగలిగినవాళ్లు ఈ వీధుల్లోంచే రావాలి. ఢిల్లీ నుంచి వచ్చిన సర్వే బృందానికి ఆ తలుపులన్నీ తెరుచుకోవు.

మొన్న నవంబర్‌లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా మైనారిటీ పిల్లల ప్రీమెట్రిక్ స్కాలర్‌షిప్ తీసేశారు. నెల తిరక్కుండానే ఈ ఫెలోషిప్ ఆపేశారు. కింది మెట్టూ పోయింది, పై మెట్టూ పోయింది. విన్నవించి విన్నవించి జనం విసిగిపోయారు. ఈ విషయం మీద విశ్వవిద్యాలయాలను సంప్రదించారా? పరిశోధకుల్లో ఒక్కరితోనైనా మాట్లాడారా?

నిర్ణయాన్ని మరోసారి చూడండి. ఏ రూపంలో తిరిగి ఇవ్వాలన్నది మీ ఇష్టం, పేరు మార్చినా ఫరవాలేదు. ఈ ఏడాది పీజీ ముగించి, పీహెచ్‌డీ ప్రవేశానికి చదువుకుంటున్న సైదాబాద్ పిల్లలకు మాత్రం ఏదో ఒకటి చెప్పాలి. వాళ్లు ఆగాలా, ఉద్యోగాలు వెతుక్కోవాలా?

ఇట్లు,
సైదాబాద్ వాసులు, హైదరాబాద్