పులికాట్ ఒడ్డున తొలి అతిథులు

ఈశాన్య రుతుపవనాల తొలి వానలు పడగానే సూళ్లూరుపేట పరిసరాలలో వలస పక్షుల రాక మొదలవుతుంది. కుటుంబంతో రెండు రోజులు సముద్రతీరాన గడపదలచిన పాఠకులకు మేము ఈ తొలి రోజులనే సూచిస్తాము. జనవరిలో పక్షులతోపాటు జనమూ పెరుగుతారు. నవంబరులో పక్షులు కొంత తక్కువే అయినా, వాటిని నింపాదిగా గమనించే వీలు ఎక్కువ.

ఫజ్ర్ నమాజు ముగియగానే బయలుదేరిన కుటుంబం ఎండ ముదరక ముందే నేలపట్టు చెరువును చూడగలదు. అక్కడ నీటిలో నిలిచిన చెట్లపై గూడబాతులు గూళ్లు కడుతుంటాయి. పక్షుల రెట్ట కలిసిన ఆ చెరువు నీరు పొలాలకు ఎరువుగా పనికివస్తుంది. అందుకే ఆ ఊరివారు వాటి రాకను మేలుగా భావిస్తారు.

తరువాత శ్రీహరికోట దారి. అది పులికాట్ సరస్సు మధ్యగా సాగుతుంది. లోతు తక్కువైన చోట ఫ్లెమింగోలు వంపు ముక్కును తలక్రిందులుగా నీటిలో ముంచి, బురదను వడగట్టి, సన్నని జీవులను తింటాయి. వాటి గులాబీ రంగు ఆ ఆహారం నుండి వచ్చినదే. గుంపులో బూడిదరంగువి కనిపిస్తే అవి వేరే జాతి కావు, ఇంకా రంగు రాని పిల్లలు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పవలసి ఉంది. గుంపు ఒక్కసారిగా ఎగిరితే ఫోటో బాగుంటుందని కొందరు చప్పట్లు కొడతారు, రాళ్లు విసురుతారు. తమాషా మనకు, నష్టం వాటికి. దూరప్రయాణం చేసి వచ్చిన పక్షికి మేత మేసే ప్రతి ఘడియా విలువైనదే. అనవసరంగా ఎగిరిన ప్రతిసారీ అది కూడబెట్టుకొన్న బలం ఖర్చవుతుంది. గూటిలోని తల్లి బెదిరి లేస్తే గ్రుడ్లు కాకుల పాలవుతాయి, పసికూనలు ఎండకు మాడతాయి. పిల్లలను పోగొట్టుకొని రెక్కలు కొట్టుకొంటున్న ఒక చిన్న పక్షిని చూసి, వాటిని తిరిగి తల్లికి ఇప్పించిన దైవప్రవక్త (స) సంఘటన మన ఇళ్లలో పెద్దలకు తెలిసినదే. దానిని పిల్లలకు వినిపించవలసిన చోటు ఇదే.

కనుక ఒక బైనాక్యులర్ వెంట తీసుకొని వెళ్లండి. రంగురంగుల దుస్తులకు బదులు లేత మట్టిరంగువి తొడగండి. వాహనాన్ని దారికి అడ్డంగా నిలపకండి, సరస్సులోకి దిగకండి, తినుబండారాల సంచులు తిరిగి ఇంటికే తెచ్చుకోండి. మీరు వచ్చినప్పుడు తలవంచి మేస్తున్న పక్షి, మీరు వెళ్లేటప్పుడు కూడా అలాగే మేస్తుంటే, మీ పిల్లలు చూడటం నేర్చుకొన్నట్లే.