చలువరాతి మేడ – చల్లని మాట

మన పల్లెలలో హోటలు అను మాటకు ఒక అర్థము, పట్టణములలో వేఱొక అర్థము కలదు. పెగడపల్లిలోగాని, మల్యాలలోగాని, జగిత్యాల బస్సు నిలుచు ఏ కూడలిలోగాని హోటలనగా చాయ కాగు చోటు, మిర్చీబజ్జీలు వేగు చోటు, నలుగురు కూర్చుండి దినపత్రిక చదువుకొను చోటు. రాత్రి పండుకొనవలసిన చోటును ఎవ్వరును హోటలనరు, లాడ్జి యందురు. పట్టణపు హోటలు వేఱు. దాని వాకిట తలపాగా ధరించిన ద్వారపాలకుడు నిలిచియుండును. లోపలి నేల అద్దమువలె మెఱయును. పేరు ప్రక్కన నక్షత్రములు వెలుగును.

ఈ రెండవ జాతి హోటళ్ళు ఇటీవలి సంవత్సరములలో హైదరాబాదు చుట్టును విరివిగా లేచినవి. వానితోపాటు ఒక నిట్టూర్పు కూడ వినవచ్చుచున్నది. పెండ్లికనియో, సభకనియో, కుమారుడు పంపిన సొమ్ముతో సరదాకనియో అందు రెండు రాత్రులు గడపి వచ్చినవారు, ‘అంత డబ్బు పోసి ఏమి సుఖపడితిమి?’ అని యడుగుచున్నారు. కలిగినవారి ముచ్చట మనకెందులకని ఈ ప్రశ్నను త్రోసివేయరాదు. ఆ మేడలలో పడకలు సర్దుచున్నవారు, పాత్రలు కడుగుచున్నవారు మన బడులలో చదివిన పిల్లలు. ఆ నిట్టూర్పు మొదట తగులునది వారికే.

నిరుడు బంధువుల పెండ్లికి పోయినపుడు నాకును అట్టి మేడలో రెండు రాత్రులు గడపు యోగము పట్టినది. పేరెందులకు? తెఱచి నెల దాటలేదు. గోడల రంగు వాసన పోలేదు. గది విశాలము, పఱుపు మెత్తన. అయినను దీపములార్పుటకు ఒక విద్య కావలసివచ్చినది. మీటలకు బదులు గోడపై అద్దపు పలక యొకటి యుండెను. దానిని తాకినచో తెరలు తొలగెను. మఱల తాకినచో చల్లగాలి యంత్రము మ్రోగెను. దీపములు మాత్రము వెలుగుచునే యుండెను. స్నానపు గదిలో నాలుగు వైపులనుండి నీరు చిమ్ము ఏర్పాటు కలదు. వేడినీరు ఏ వైపునను లేదు. ఉదయము ఫలహారశాలలో నలుబది రకముల పదార్థములకు పేరుపలకలు నిలిపిరి. ఇడ్లీపాత్ర అడుగంటియుండగా దానిని నింపువారు కానరాలేదు. ఫోను చేసిన ప్రతి పర్యాయమును ఒక తీయని కంఠము ఇంగ్లీషులో క్షమాపణ చెప్పెను, ఎవ్వరును రాలేదు.

కడకు పందొమ్మిదేండ్ల పిల్లవాడొకడు వచ్చెను. అతడును కంఠస్థము చేసిన ఇంగ్లీషు వాక్యమునే అప్పగించెను. "ఏ ఊరు బిడ్డా?" అని నేనడిగితిని. వాని ముఖము విచ్చుకొన్నది. "మాది ధర్మపురి దగ్గర సార్. పనిల చేరి పదకొండు దినాలైంది. ఈ పలక సంగతి మాకు గూడ ఇంక చెప్పలే సార్" అనెను. పిమ్మట అతడు క్రింది అంతస్తునుండి రెండు బకెట్ల వేడినీరు మోసికొని వచ్చెను. దీపములకు అతడు కనుగొన్న ఉపాయము మఱింత సులభము: తలుపు ప్రక్క దోపియుంచిన తాళపు కార్డును ఊడదీసెను. గది చీకటియయ్యెను. చల్లగాలియు నాగిపోయెను. అయినను నిద్ర పట్టినది.

మఱునాడు ప్రక్కగది అతిథి నడవలో నిలిచి అదే పిల్లవానిని గద్దించుచుండెను. వేడినీటి గొట్టములు బిగించినది ఆ పిల్లవాడు కాదు. మేడను తొందరపడి తెఱచినదియు అతడు కాదు. తిట్లకు మాత్రము అతడే అందుబాటులో నుండెను. విడిచివచ్చు దినమున నా చేతికొక అభిప్రాయపత్రము నిచ్చిరి. అందు సేవ చేసినవాని పేరు వ్రాయుటకు చోటు కలదు, మేడ కట్టించినవాని పేరునకు లేదు. వృత్తివలన అబ్బిన అలవాటు చొప్పున పిల్లవానికి నూటికి తొంబది మార్కులు వేసితిని. మేడకు ముప్పదినాలుగు వేసితిని. ఉత్తీర్ణతకు ఒక్కటి తక్కువ.

ఈ తొందరకు కారణము వెదకుట కష్టము కాదు. హోటలు గది విచిత్రమైన సరకు. వడ్లు ఈ నెల అమ్ముడుపోనిచో గాదెలో పోసి వచ్చు నెల అమ్ముకొనవచ్చును. ఈ రాత్రి ఖాళీగా పోయిన గదిని రేపు అమ్ముటకు వీలులేదు. బ్యాంకు అప్పుపై వడ్డీ మాత్రము రాత్రియనక పగలనక పెరుగుచునే యుండును. కనుక యజమాని పెండ్లి ముహూర్తములు దాటకముందే తలుపులు తెఱవజూచును. గోడ పూర్తియైనదో లేదో కంటికి కనబడును. పనివాడు పని నేర్చినాడో లేదో కనబడదు. అందుచేత గోడకొఱకు ఆగుదురు, మనిషికొఱకు ఆగరు.

ఈ వ్యాపారమున ‘సాఫ్ట్ ఓపెనింగ్’ అను పద్ధతి యొకటి కలదు. ఆరంభ దినములలో కొన్ని గదులు మాత్రమే తెఱచి, ధర తగ్గించి, ఇంకను నేర్చుకొనుచున్నామని అతిథికి చెప్పి, లోపములు దిద్దుకొనుట దాని ఉద్దేశము. ఇది న్యాయమైన పద్ధతియే. నిండు ధర పుచ్చుకొని ఆ మాట దాచినపుడే చిక్కు. అప్పుడు పరీక్ష హోటలుది, రుసుము అతిథిది.

ఇది మనకు మాత్రమే పట్టిన జాడ్యము కాదు. 2014 ఫిబ్రవరిలో రష్యాలోని సోచీ నగరమున శీతకాలపు ఒలింపిక్ క్రీడలు జరిగినపుడు, లోకము నలుమూలలనుండి వచ్చిన పత్రికా విలేఖరులలో పలువురకు సిద్ధముకాని హోటలు గదులు ఎదురైనవి. కొన్నిచోట్ల తలుపులకు పిడులు లేవు. కొన్నిచోట్ల కొళాయినుండి పసుపుపచ్చని నీరు వచ్చెను. క్రీడలు మొదలు కాకముందే ఆ గదుల చిత్రములు దేశదేశములకు ప్రాకినవి.

దీని ప్రక్కన మన ఫలక్‌నుమాను నిలిపి చూడుడు. హైదరాబాదు పాయిగా ప్రభువు వికారుల్ ఉమ్రా 1884లో ఆరంభించిన ఆ సౌధము పూర్తియగుటకు సుమారు తొమ్మిదేండ్లు పట్టినది. తరువాత అది ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాను వశమయ్యెను. చిరకాలము మూతపడియుండి, దాదాపు పదేండ్ల మరమ్మతుల పిమ్మట 2010 నవంబరులో హోటలుగా తెఱవబడెను. కట్టుటకెంత కాలము పట్టినదో బాగుచేయుటకును ఇంచుమించుగ అంత కాలము పట్టినది. రాతి విషయమున మనవారికి ఇంతటి ఓర్పు కలదు. ఆ రాతిపై నడిచి అతిథిని కనిపెట్టుకొనవలసిన మనిషికి పదకొండు దినముల శిక్షణ చాలునని సరిపెట్టుకొనుట ఏమి న్యాయము?

నక్షత్రములను నమ్మి మోసపోయితిమనువారును కలరు. నక్షత్రమనగా నేమో తెలిసికొన్నచో ఆ బాధ కొంత తగ్గును. మన దేశమున కేంద్ర పర్యాటకశాఖవారి సంఘము, తానుగా దరఖాస్తు చేసికొన్న హోటలును పరీక్షించి, ఒకటి మొదలు ఐదు వఱకు నక్షత్రములను, అటుపైన ‘డీలక్సు’ అను తరగతిని నిర్ణయించును. ఆ నిర్ణయము ఐదేండ్లు చెల్లును. గది వైశాల్యమెంత, స్నానపు గది ఎట్టిది, లిఫ్టు కలదా, ఏయే సౌకర్యములు కలవు అని వారు పట్టిక ప్రకారము చూతురు. ఇవి కొలువదగినవి, కొలుచుట అవసరము కూడ. అర్ధరాత్రి జ్వరము వచ్చిన ముసలమ్మకు ఎవరు గంజి కాచి తెచ్చిరి అనునది పట్టికకు అందదు. ఇక ‘ఏడు నక్షత్రముల హోటలు’ అను బిరుదు మన ప్రభుత్వ పట్టికలో లేనేలేదు. 1999లో దుబాయిలో తెఱచిన బుర్జ్ అల్ అరబ్ అను హోటలును గూర్చి పత్రికలవారు వాడిన మాట అది. నోటినోట లోకమంతయు తిరిగినది.

ఇట్లని డబ్బు పుచ్చుకొని పెట్టు అన్నములో ఆదరముండదనుట సరికాదు. మన సాహిత్యమే అందుకు సాక్షి. వినుకొండ వల్లభరాయని పేర వెలసిన క్రీడాభిరామము, శ్రీనాథుని చేయి యందు కలదని కొందఱు పండితులు తలచు గ్రంథము, కాకతీయుల ఓరుగల్లు వీథులను మన కన్నులకు కట్టును. అందు ఊరు తిరిగిన మిత్రులిద్దఱకు పూటకూళ్ళ యిల్లు జ్ఞప్తికి వచ్చును. లక్ష్మణవజ్ఝల యింట ఒక్క రూక చెల్లించినచో ఏమేమి వడ్డింతురో కవి వరుసగా చెప్పినాడు: మేలైన బియ్యపు అన్నము మొదలు పప్పు, క్రొత్త నెయ్యి, పిండివంట, పండ్లు, గడ్డపెరుగు దాక. మన బడిపిల్లలకు తెలిసిన మాటలలో చెప్పవలెనన్నచో అది ఒక హోటలును గూర్చిన అభిప్రాయపత్రమే. అందు మేడ వర్ణన లేదు. ధర యెంతయో, విస్తరిలో నేమి పడునో, ఆ రెండే కలవు. రూకకు సరిపడ అన్నము పెట్టినందున ఆ యింటిపేరు సుమారు ఆఱువందల యేండ్లుగా తెలుగు చదువరుల నోట నిలిచియున్నది.

మన ప్రాంతపు యాత్రికులను చూడుడు. కొండగట్టు అంజన్నను, ధర్మపురి నరసింహస్వామిని, వేములవాడ రాజన్నను దర్శింపబోవు పేదవారు సత్రపు వరండాలో చాప పఱచుకొని పండుకొందురు. దోమలు కుట్టును, నీళ్ళకు వరుసలో నిలువవలసి వచ్చును. అయినను మోసపోయితిమని వారనరు. వారికెవ్వరును స్వర్గమును వాగ్దానము చేయలేదు. యాత్రికునకు మంచి వసతి అక్కఱలేదని నా భావము కాదు, అది కలిగింపవలసినదే. నేను చెప్పునది ఆశాభంగమును గూర్చి. చాపపై పండుకొన్నవానికి కలుగని ఆశాభంగము పట్టుపఱుపుపై పండుకొన్నవానికేల కలుగుచున్నదనగా, వానికి చెప్పిన మాట చెల్లలేదు గనుక.

ఉపాధ్యాయ మిత్రులకు తెలియని విషయము కాదు, అయినను తలచుకొందము. అతిథిని దైవముగా భావింపవలెనను ఉపదేశము తైత్తిరీయోపనిషత్తు శిక్షావల్లిలోనిది. చదువు ముగించి యింటికి పోవు శిష్యునకు గురువు చెప్పిన మాటలలో, తల్లి, తండ్రి, ఆచార్యుల వెనువెంటనే అతిథి వచ్చుచున్నాడు. ఆ మాట ఆతిథ్యమిచ్చువానికి చెప్పినది. నేడు పర్యాటక ప్రకటనలకు అది నినాదమైనది. సొమ్ము చెల్లించువాని చెవిని పడుచున్నది. అతడు తానే దేవుడనని నమ్మి వచ్చి, వరములు ఆలస్యమైనచో శాపములిచ్చుచున్నాడు.

ఆ శాపములు ఎవరికి తగులుచున్నవి? జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములనుండి దశాబ్దములుగా మన యువకులు గల్ఫు దేశములకు పోవుచున్నారు. అచటి మేడలు కట్టినవారిలో, గదులు తుడుచువారిలో, వంటశాలలలో పాత్రలు కడుగువారిలో మన ఊళ్ళవారు కలరు. ఒక్క అతిథికొఱకు సిద్ధపఱచిన విశాలమైన గదిని తుడిచి వచ్చి, వారు పలువురు కలిసి ఒక్క గదిలో అంతస్తుల మంచములపై మేను వాల్తురు. హైదరాబాదు హోటలులో ఒక ధర్మపురి పిల్లవానిని గద్దించు పెద్దమనిషి, దుబాయిలో తన మేనల్లుడు ఎవరిచేత గద్దింపబడుచున్నాడో యెఱుగడు.

కావున అతిథి నోరు మూసికొని యుండవలెనా? అక్కఱలేదు. లోపమును కాగితముపై వ్రాసి, బాధ్యత గల అధికారి చేతికిచ్చి, ధర తగ్గింపుమని అడుగుట అతని హక్కు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము సేవాలోపమును గూర్చి జిల్లా వినియోగదారుల కమిషనులో ఫిర్యాదు చేయుటకు దారి చూపుచున్నది. అడుగవలసినవానిని అడిగినచో యజమాని దిద్దుకొనును. బకెట్టు మోయువానిని తిట్టినచో, వాని జీతమునకు కోత పడవచ్చునేగాని గొట్టములో వేడినీరు రాదు. యజమానులు చేయవలసినదియు కష్టమైనది కాదు: పది గదులు సిద్ధమైనచో పదియే తెఱువుడు, సిద్ధముకానిదానిని కాలేదని చెప్పుడు, పనివారికి పలక పని తెలిపిన తరువాతనే దానిని గోడకు తగిలింపుడు.

బడిలో మనము చేయదగినదియు కలదు. హోటలు పని చదువురానివానికి మిగిలిన పని యని మన ఊళ్ళలో ఒక తలంపు కలదు. హైదరాబాదులో ఈ విద్యను నేర్పు ప్రభుత్వ సంస్థలున్నవి. ఆ సంగతి పదవ తరగతి పిల్లలలో ఎందఱికి తెలియును? తెలియజెప్పుడు. కంఠస్థపు ఇంగ్లీషుకన్న ముందు, ఎదుటివానికి ఏమి కావలెనో చూచి అడుగుట నేర్పుడు. దానికి పాఠ్యపుస్తకము వెదకనక్కఱలేదు. గోదావరి సీమలో వేళగాని వేళ వచ్చినవారికిని అన్నము పెట్టిన డొక్కా సీతమ్మ (1841–1909) పేరును ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2024లో బడిభోజనమునకు పెట్టినది. పేరు ఏదైనను, మన బడిలోను మధ్యాహ్నము కంచములు పట్టుకొని పిల్లలు వరుసలో నిలుచుచున్నారు. పెద్ద తరగతి విద్యార్థులారా, రేపు గరిటె మీ చేతికి వచ్చినపుడు వరుస చివర నిలిచిన ఒకటవ తరగతి పిల్లవానిని చూడుడు. వాని వంతు వచ్చుసరికి పప్పు అడుగంటకుండునట్లు మొదటినుండియే కొలిచి వడ్డింపుడు.