ఇంటి పద్దు – అప్పు ఉండగా దశమభాగం

ఈ శీర్షికలో సాధారణంగా సరుకుల లెక్కలు, పిల్లల ఫీజులు, ఊరికి పంపే డబ్బు గురించి ముచ్చటించుకుంటాము. క్రిస్మస్ నెల కనుక ఈసారి మన క్రైస్తవ కుటుంబాల్లో తరచు వినిపించే ప్రశ్న ఒకటి తీసుకుంటున్నాము. ఊళ్ళో అప్పు ఉంది, ఇక్కడ కువైత్‌లో జీతం అంతంత మాత్రం. దశమభాగం ముందా, అప్పు ముందా? భర్త ఒక మాట, భార్య ఒక మాట అనుకుని శుక్రవారం ఆరాధనకు మొహాలు ముడుచుకుని వచ్చే జంటలను చూస్తూనే ఉన్నాము. ఇతర మత సోదరులు కూడా ఈ లెక్క చదవవచ్చు. కానుక అన్న చోట తమ మొక్కుబడి అని చదువుకుంటే సరిపోతుంది.

ముందుగా అప్పు సంగతి. మనలో చాలామంది వీసాకూ టికెట్టుకూ ఊళ్ళో నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి బయలుదేరినవాళ్ళమే. మూడు రూపాయలే కదా అనిపిస్తుంది. అది నెలకు మూడు, అంటే ఏడాదికి ముప్ఫై ఆరు. రెండు లక్షల అప్పుకు నెలకు 6,000 రూపాయలు వడ్డీకే పోతుంది.

ఇప్పుడు రెండు ఇళ్ళు ఊహించుకుందాము. ఇద్దరికీ రెండేసి లక్షల అప్పు. తగ్గిన అసలు మీదే వడ్డీ వేసే షావుకారే ఇద్దరికీ దొరికాడనుకుందాము. మొదటి ఇంటివారు నెలకు 7,000 కడుతున్నారు. అందులో అసలుకు చేరేది మొదటి నెల వెయ్యి రూపాయలే. ఈ లెక్కన అప్పు తీరడానికి దాదాపు అయిదున్నర ఏళ్ళు పడుతుంది. మొత్తం కట్టేది సుమారు 4,60,000. రెండో ఇంటివారు బిగించి నెలకు 11,000 కడుతున్నారు. వారికి రెండేళ్ళ మూడు నెలల్లో తీరిపోతుంది. కట్టేది సుమారు 2,93,000. తేడా లక్షా అరవై ఏడు వేలు. ఆ డబ్బు దేవునికీ చేరలేదు, అమ్మానాన్నలకూ చేరలేదు, షావుకారు ఇనప్పెట్టెలో పడింది. నెలకు నాలుగు వేలు కానుకగా ఇచ్చామని తృప్తిపడేవారు ఈ లెక్క కూడా పక్కన వేసుకు చూడాలి.

మరి వాక్యం ఏమంటుంది? దశమభాగం ముందు అనేవారికి ఆధారం లేకపోలేదు. సామెతలు మూడవ అధ్యాయం ప్రథమ ఫలముతో దేవుని ఘనపరచమంటుంది; మలాకీ గ్రంథం దశమభాగం మందిరపు నిధిలోనికి తెమ్మంటుంది. మిగిలితే ఇద్దామనుకుంటే ఎన్నటికీ మిగలదన్న వారి మాట నిజం. అయితే ఆ గ్రంథంలోనే మరికొన్ని మాటలున్నాయి. అప్పుచేసినవాడు అప్పిచ్చినవానికి దాసుడని సామెతలు 22వ అధ్యాయం హెచ్చరిస్తుంది. ఎవరికీ ఏమీ బాకీ ఉండవద్దని రోమా పత్రిక 13వ అధ్యాయంలో పౌలు రాశాడు. మూడేళ్ళకొకసారి దశమభాగం ఊళ్ళోనే ఉంచి లేవీయులకు, పరదేశులకు, తండ్రిలేనివారికి, విధవరాండ్రకు పెట్టమని ద్వితీయోపదేశకాండం 14వ అధ్యాయం చెబుతుంది. అంటే ఆకలిగొన్నవాని కంచం కూడా ఆ లెక్కలోదే.

అన్నిటికంటె గట్టి మాట మార్కు సువార్త ఏడవ అధ్యాయంలో ఉంది. తల్లిదండ్రులకు పెట్టవలసినది 'కొర్బాను', అంటే దేవునికి అర్పితమైనది, అని చెప్పి చేతులు దులుపుకునేవారిని యేసు నిలదీశాడు. ఇక్కడ కానుక కవరు నింపి, అక్కడ నాన్న మందులకు వచ్చే నెల చూద్దాం అనేవారు ఆ అధ్యాయం ఒకసారి తీసి చదవాలి. అలాగని అప్పు పేరు చెప్పి చెయ్యి బిగించుకోమని కాదు. రెండు చిన్న కాసులు వేసిన విధవరాలిని మెచ్చుకున్నదీ ఆ ప్రభువే. మనకు లేనిదాన్ని బట్టి కాదు, ఉన్నదాన్ని బట్టే అర్పణ అంగీకారమవుతుందని కొరింథీయులకు రాసిన రెండవ పత్రిక ఎనిమిదవ అధ్యాయంలో పౌలు తేల్చాడు. మా అభిప్రాయం కూడా దాని మీదే నిలబడింది: అప్పు ఉన్నన్నాళ్ళూ కానుక మానవద్దు, కాని అప్పు తెచ్చి కానుక వేయవద్దు.

పద్దు ఎలా వేయాలో ఒక ఉదాహరణ. నలుగురున్న ఇల్లు, జీతం 400 దినార్లు అనుకుందాము. అద్దె 130, ఇద్దరు పిల్లల స్కూలు 60, వంటసామాను 80, బస్సు, ఫోను 25, అమ్మానాన్నలకు 30, అప్పుకు 40, కానుక 10, అత్యవసరానికి 15, బట్టలు, మందులు, చిల్లర 10. మొత్తం 400. మీ ఇంటి అంకెలు వేరుగా ఉంటాయి, వరుస మాత్రం ఇదే ఉండనివ్వండి. కానుక పది దినార్లే అయినా జీతం రోజునే తీసి విడిగా పెట్టాలి. అప్పు తీరిన నెల నుండి ఆ 40 దినార్లను ఇంట్లో కలిపేసుకోకుండా 30 కానుకకు, 10 నిల్వకు మళ్ళించండి. కానుక 40 అవుతుంది. అదే 400లో పదోవంతు. ఈ మాట ఇప్పుడే కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం పెట్టుకోండి. లేకపోతే అప్పు తీరిన నెలే కొత్త టీవీ వస్తుంది!

అత్యవసరానికి 15 ఎందుకని అడగవచ్చు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సేనలు ఇక్కడ ప్రవేశించినప్పుడు బ్యాంకులో దినార్లున్నవారు కూడా వట్టి చేతులతో అమ్మాన్ చేరి విమానమెక్కారు. ఆనాడు లక్షా డెబ్బై వేల మందికి పైగా భారతీయులను విమానాల్లో తరలించవలసి వచ్చింది. 2020లో కరోనా వచ్చి ఎందరి ఉద్యోగాలు తీసుకుపోయిందో మనం చూశాము. కాబట్టి నిల్వలో కొంత ఇండియాలో ఎన్.ఆర్.ఇ. ఖాతాలో ఉండడం మంచిది. సర్వీసు డబ్బును మాత్రం ఈ పద్దులోకి లాగవద్దు. ఇక్కడి 2010 నాటి కార్మిక చట్టం ప్రకారం నెల జీతగాండ్రకు మొదటి అయిదేళ్ళకు ఏడాదికి పదిహేను రోజుల జీతం, ఆ తర్వాత ఏడాదికి నెల జీతం చొప్పున వస్తుంది. అది తిరిగి వెళ్ళిన నాటి అన్నం.

కొందరు వక్తలు కానుక వేస్తే నూరంతలుగా తిరిగి వస్తుందని, అప్పులు వాటంతటవే తీరుతాయని చెబుతారు. కానుక చిట్టీపాట కాదు. తిరిగి వస్తుందని వేసేది పెట్టుబడి అవుతుంది. 1912 నుండి 1945 వరకు డోర్నకల్ బిషప్పుగా ఉన్న వి.ఎస్. అజరయ్యగారు ఇవ్వడం గురించి ఎంతగానో బోధించారు, పుస్తకమే రాశారు. ఆయన సంఘస్థులలో ఎక్కువమంది పల్లెల్లో కూలిచేసుకు బతికేవారు. మన పల్లె సంఘాల్లో ఆడవాళ్ళు అన్నం వండే ముందు గుప్పెడు బియ్యం తీసి కానుక కుండలో వేసేవారు. ఆ గుప్పెడూ ఎసట్లో పడవలసిన బియ్యంలోనిదే, ఎరువు తెచ్చింది కాదు.

ఈ నెల చేయవలసినది ఒక్కటే. జీతం అందిన రోజు రాత్రి పిల్లలు పడుకున్నాక భార్యాభర్తలిద్దరూ ఒక తెల్ల కాగితం ముందేసుకు కూర్చోండి. ఊళ్ళో అప్పు అసలెంత, వడ్డీ ఎంత, ఎవరి దగ్గర అన్నది దాచకుండా రాయండి. ఇంట్లో తెలియని అప్పు ఒక్కటున్నా ఏ పద్దూ నిలవదు. గోపురం కట్టబోయేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అని లూకా సువార్త 14వ అధ్యాయంలో ప్రభువు అడిగినది ఈ కూర్చోవడం గురించే.

వచ్చే నెల: ఊరికి బంగారం పంపడమా, డబ్బు పంపడమా? మీ అనుభవాలు రాసి పంపండి. అందరికీ క్రిస్మస్ శుభాకాంక్షలు.